ఆట మధ్యలో చిన్న అంతరాయం వస్తే రిఫరీ విజిల్ ఎప్పుడు ఊదాలి?

తమ్ముడూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. విశాఖలో ఇంటర్ కాలేజ్ బాస్కెట్‌బాల్ మ్యాచ్, పక్కపక్కనే రెండు ఓపెన్ కోర్టులు. నీలం జట్టు కుర్రాడు బంతి లాక్కుని, ఎదుటివాళ్లు సర్దుకునేలోపే ఒక్కడే ఫాస్ట్ బ్రేక్‌లో వెళ్తున్నాడు. సరిగ్గా అప్పుడే పక్క కోర్టు బంతి దొర్లుకుంటూ వచ్చి మీ సెంటర్ లైన్ దగ్గర ఆగింది. మీరు విజిల్ ఊదారు. ఆ కుర్రాడు లేఅప్ (బాస్కెట్ దగ్గరికెళ్లి వేసే షాట్) వేసేశాడు, బంతి లోపల పడింది, మీరు బాస్కెట్ ఇవ్వలేదు. వాళ్ల కోచ్ గొడవ చేసి, రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తానన్నారు. విజిల్ ఊదడం సరైనదేనా, బాస్కెట్ ఇవ్వకపోవడం సరైనదేనా, తడి నేల, షూ లేసు, కరెంటు, కుక్కలు లాంటివి వచ్చినప్పుడు ఏం చేయాలి అని మీ సందేహం.

ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా స్కూలు, కాలేజీ, జిల్లా మ్యాచ్‌లకు రిఫరీగా ఉంటున్నాను. కొత్తగా విజిల్ పట్టుకున్నవాళ్లు ఫౌల్స్ గురించి అడుగుతారు, ట్రావెలింగ్ గురించి అడుగుతారు, దీని గురించి మాత్రం ఎవరూ అడగరు. మీరు అడిగినందుకు సంతోషంగా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు బాస్కెట్ సంగతి తేల్చేద్దాం. అది పూర్తిగా రూల్ విషయం, వాదనకు చోటు లేదు. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో 10వ ఆర్టికల్ ప్రకారం, బంతి లైవ్‌గా, అంటే ఆటలో ఉండగా రిఫరీ విజిల్ ఊదితే బంతి డెడ్, అంటే ఆట ఆగినట్టే. కానీ షాట్ కొట్టిన బంతి అప్పటికే చేతిని వదిలి గాల్లో ఉంటే విజిల్ మోగినా డెడ్ అవదు, లోపల పడితే పాయింట్లు ఇవ్వాల్సిందే. మీ కేసులో విజిల్ మోగేసరికి బంతి ఇంకా కుర్రాడి చేతిలోనే ఉందని రాశారు కాబట్టి బాస్కెట్ చెల్లదు. మీరు చేసింది సరైనదే. ఫౌల్ అయినప్పుడు చేతిలో బంతి ఉన్నా బాస్కెట్ ఇస్తారు కదా అని కోచ్ అడిగి ఉంటారు. షాట్ మొదలుపెట్టిన ఆటగాడి మీద ప్రత్యర్థి ఫౌల్ చేస్తే ఆ మోషన్ పూర్తి చేయనిస్తాం, నిజమే. పక్క కోర్టు బంతి రావడం ఎవరి ఫౌలూ కాదు, కాబట్టి ఆ మినహాయింపు ఇక్కడికి రాదు.

ఇక విజిల్ విషయం. అది తొందరగా ఊదారు. మీరు రాసినదాన్ని బట్టి ఆ బంతి ఆటకు వెనకాల ఉంది. కుర్రాడు దాన్ని దాటి ముందుకెళ్లిపోయాడు, వెనక తరుముతున్న డిఫెండర్ కూడా దానికి దూరంగానే ఉన్నాడు. ఎవరికీ ప్రమాదం లేదు. రెండు మూడు సెకన్లు ఆగితే లేఅప్ అయిపోయేది. పడితే పడినట్టు, పడకపోతే రీబౌండ్ ఎవరికి దొరికిందో చూసుకుని, అప్పుడు ఆపి బంతి తీయిస్తే సరిపోయేది. కోచ్ గారి కోపంలో న్యాయం ఉంది. ఆయన జట్టు కష్టపడి సంపాదించుకున్న అవకాశం వాళ్ల తప్పేమీ లేకుండానే పోయింది.

ఇలాంటి అంతరాయాల కోసం రూల్ పుస్తకంలో జాబితా ఏదీ ఉండదు. కుక్క వస్తే ఇలా, గాలిపటం తెగిపడితే అలా అని ఎవరూ రాయలేదు, రాయలేరు కూడా. రూల్స్‌లో స్పష్టంగా లేని ప్రతి విషయంలోనూ నిర్ణయం తీసుకునే అధికారం క్రూ చీఫ్‌కి (ప్రధాన రిఫరీకి) ఇచ్చారు, పరిస్థితి బాగోలేకపోతే ఆట ఆపే అధికారమూ ఇచ్చారు. అయితే ఆ అధికారాన్ని ఎలా వాడాలో తెలియాలంటే నేను ఎప్పుడూ 5వ ఆర్టికల్ చదవమంటాను. అది గాయాల గురించి. బంతి లైవ్‌గా ఉండగా ఒక ఆటగాడు గాయపడితే, బంతి ఉన్న జట్టు షాట్ కొట్టేదాకానో, బంతి పోగొట్టుకునేదాకానో, ఆడకుండా బంతి పట్టుకుని ఆగిపోయేదాకానో, బంతి డెడ్ అయ్యేదాకానో రిఫరీ విజిల్ ఊదకూడదు. గాయపడిన ఆటగాడికి రక్షణ అవసరమైతే మాత్రం వెంటనే ఆపవచ్చు. ఇదీ ఆ ఆర్టికల్ సారం. మనిషి కిందపడి ఉన్నప్పుడే విజిల్ ఆగమంటోంది రూల్. అలాంటిది సెంటర్ లైన్ దగ్గర కదలకుండా పడున్న బంతి కోసం ఎందుకు తొందరపడాలి?

నేను ప్రతి అంతరాయాన్నీ ఈ కళ్లతోనే చూస్తాను. ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉందా? ఉంటే ఎవరి ఫాస్ట్ బ్రేక్ అయినా, స్కోరు ఎంతైనా వెంటనే విజిల్. ప్రమాదం లేకపోతే, ఇది ఆటను నిజంగా అడ్డుకుంటోందా, లేక నా కంటికి మాత్రమే అడ్డుగా ఉందా? ఆటగాళ్లు పట్టించుకోకుండా ఆడుతుంటే నేను పట్టించుకోనక్కర్లేదు. కొత్త రిఫరీలకు ఈ రెండోదే కష్టం. కోర్టులోకి ఏదో వచ్చిందనగానే చెయ్యి విజిల్ మీదికి వెళ్లిపోతుంది. గ్యాలరీలోంచి ఎవరో "ఏటి సార్, బాల్ వచ్చింది, ఆపండి!" అని అరుస్తారు. ఆ అరుపుకి ఊదేస్తారు.

ఒక మ్యాచ్ గురించి చెప్తాను. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఓపెన్ కోర్టు, స్కూలు అమ్మాయిల మ్యాచ్. నాతోపాటు విజిల్ వేస్తున్నది వయసులో నాకంటే పెద్దాయన. నేను బేస్‌లైన్ దగ్గర లీడ్‌లో ఉన్నాను, ఆయన వెనక ట్రెయిల్‌లో ఉన్నారు. ఎర్ర జట్టు పాయింట్ గార్డ్ టాప్ దగ్గర డ్రిబుల్ చేస్తోంది. పక్క కోర్టు నుంచి ఒక బంతి సైడ్‌లైన్ దాటి మెల్లగా లోపలికి దొర్లింది. ఆయన తల తిప్పలేదు. చూపు డ్రిబుల్ మీదే ఉంచి రెండు అడుగులు పక్కకు వేశారు. షూ అంచుతో ఆ బంతిని ఆపి, అరికాలితో వెనక్కి లాగి, మడమతో బయటికి నెట్టేశారు. స్కోరర్ టేబుల్ దగ్గర కూర్చున్న కుర్రాడు దాన్ని పట్టుకున్నాడు. ఈలోపు ఆ అమ్మాయి పాస్ ఇచ్చింది, కార్నర్ నుంచి షాట్ పడింది. హాఫ్‌టైమ్‌లో ఆ అమ్మాయిని అడిగితే, బంతి వచ్చిన సంగతే తనకి తెలియదంది. మంచి రిఫరీయింగ్ అంటే ఏమిటో నాకు అంతకంటే బాగా చూపించింది ఇంకొకటి లేదు. అయితే ఆయన చేసింది ఎప్పుడూ చేయొచ్చని కాదు. బంతి ఆయన పక్కనే ఉంది, మెల్లగా వస్తోంది, చుట్టుపక్కల ఆటగాళ్లు లేరు. అదే బంతి పెయింట్‌లోకి, అంటే బాస్కెట్ ముందు గీసిన గడిలోకి దొర్లి ఉంటే, రీబౌండ్ కోసం ఎగిరిన పిల్ల దాని మీద దిగితే చీలమండ పోతుంది. అక్కడ షాట్ గాల్లో ఉన్నా సరే ఊదేయాలి. గాల్లో ఉన్న షాట్ విజిల్ వల్ల డెడ్ అవదు కాబట్టి షూటర్‌కీ నష్టం లేదు.

విజిల్ ఊదాక ఏం చేయాలన్నది ఇంకా ముఖ్యం, గొడవలన్నీ అక్కడే పుడతాయి. చెయ్యి పైకెత్తి, వేళ్లు కలిపి అరచెయ్యి తెరిచి క్లాక్ ఆపించండి. పిడికిలి బిగిస్తే ఫౌల్ అనుకుంటారు. ఆ అడ్డమేదో తీయడానికి మీరు పరిగెత్తకండి. నిలబడిన చోటే నిలబడి నాలుగు విషయాలు మనసులో నోట్ చేసుకోండి: బంతి ఎవరి దగ్గర ఉంది, ఎక్కడ ఉంది, గేమ్ క్లాక్ ఎంత, షాట్ క్లాక్ (షాట్ కొట్టడానికి మిగిలిన సెకన్లు) ఎంత. నేను వీటిని పైకి అనుకుంటాను, "ఎర్ర జట్టు, ఫ్రంట్‌కోర్టు కుడి సైడ్, 3:12, 19" అని. పైకి అంటే పార్ట్‌నర్‌కీ వినిపిస్తుంది, టేబుల్‌కీ వినిపిస్తుంది, తర్వాత ఎవరూ కాదనలేరు. ఆ బంతి తీయడానికి, కుక్కని తోలడానికి వేరేవాళ్లు ఉంటారు. ఈ నాలుగూ గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం మీరే.

తర్వాత, బంతి ఎవరి కంట్రోల్‌లో ఉంటే వాళ్లకే, ఆట ఆగిన చోటికి దగ్గర్లో బయట నుంచి త్రో-ఇన్. సరిగ్గా బోర్డు వెనక నుంచి మాత్రం ఇవ్వకూడదు, కాస్త పక్కకు జరపాలి. బంతి ఎవరి కంట్రోల్‌లోనూ లేనప్పుడు, అంటే షాట్ మిస్సయి రీబౌండ్ ఇంకా ఎవరికీ దొరకనప్పుడు విజిల్ పడితే అది జంప్ బాల్ సిట్యుయేషన్, అంటే బంతి ఎవరిదో తేలని పరిస్థితి. టేబుల్ మీద వంతులవారీగా మారే బాణం గుర్తు (ఆరో) ఎటు చూపిస్తే వాళ్లకి బంతి.

షాట్ క్లాక్ దగ్గరే చాలామంది తడబడతారు. అంతరాయానికి రెండు జట్లకీ సంబంధం లేకపోతే ఇలా ఉంటుంది. త్రో-ఇన్ బ్యాక్‌కోర్టులో (ఆ జట్టు కాపాడుకునే సగంలో) అయితే కొత్తగా 24 సెకన్లు, బంతిని ఆ సగం దాటించాల్సిన ఎనిమిది సెకన్ల లెక్కా కొత్తగానే మొదలవుతుంది. ఫ్రంట్‌కోర్టులో (దాడి చేసే సగంలో) అయితే, క్లాక్ మీద 14 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అక్కడి నుంచే కొనసాగుతుంది, 13 లేదా తక్కువ ఉంటే 14కి మారుస్తారు. దీనికొక షరతు ఉంది, కొత్తవాళ్లు అది మర్చిపోతారు. అలా రీసెట్ చేయడం వల్ల ఎదుటి జట్టుకి అన్యాయం జరిగేలా ఉంటే రీసెట్ చేయకూడదు, ఆగిన దగ్గర్నుంచే నడిపించాలి. ఉదాహరణకి నాలుగో క్వార్టర్‌లో 18 సెకన్లు మిగిలాయి, ఒక పాయింట్ ఆధిక్యంలో ఉన్న జట్టు చేతిలో బంతి ఉంది, షాట్ క్లాక్ మీద 5 ఉంది. ఇప్పుడు గ్యాలరీలోంచి ఎవరో మురీ మిక్చర్ పొట్లం విసిరారని ఆపి 14 ఇచ్చేస్తే, వాళ్లు ఆట దాదాపు చివరిదాకా బంతి పట్టుకుని ఉండిపోవచ్చు. వెనకబడిన జట్టు ఏం పాపం చేసింది? అక్కడ 5 నుంచే మొదలుపెట్టాలి. మన స్కూలు టోర్నమెంట్లలో చాలాచోట్ల షాట్ క్లాక్ ఉండదు, అక్కడ ఈ తలనొప్పి లేదు.

లోపలికి దొర్లి వచ్చిన బంతి ఎవరిదన్నదీ చూడండి. పక్క కోర్టు వాళ్లదైతే పైన చెప్పినట్టే. డిఫెన్స్ జట్టు బెంచ్ దగ్గర్నుంచి వాళ్ల ప్రాక్టీస్ బంతి దొర్లి వస్తే, ఆపడానికి కారణం ఆ జట్టు. కాబట్టి ఎదుటివాళ్లకి రీసెట్ ఇవ్వాల్సిందే. బంతి కంట్రోల్‌లో ఉన్న జట్టు బెంచ్ నుంచే వస్తే రీసెట్ ఉండదు. కావాలని దొర్లించినట్టు అనుమానం లేకుండా కనిపిస్తే అది టెక్నికల్ ఫౌల్ (ప్రవర్తనకి పడే ఫౌల్) దాకా వెళ్తుంది.

తడి నేల గురించి మన ఊరివాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. విశాఖలో చెమట ఆరదు. ఇండోర్ హాల్లో మే నెలలో ఒక ఆటగాడు పడిపోయి లేచాడంటే, అతని ఒంటి అచ్చు నేల మీద తడిగా కనిపిస్తుంది. బంతి లైవ్‌గా ఉంటే ఆ తడి కోసం ఆపకండి. ఆ చోటు గుర్తుపెట్టుకుని తర్వాతి డెడ్ బాల్ దగ్గర మాప్ పిలవండి. త్రో-ఇన్‌కి బంతి ఇవ్వాల్సింది మీరే కాబట్టి నేల ఆరేదాకా మీ దగ్గరే ఉంచుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తుడిచే కుర్రాళ్లు సాధారణంగా ఏం చేస్తారంటే తడి మాప్‌తో గుండ్రంగా రుద్దేసి వెళ్లిపోతారు. దాంతో చిన్న మరక పెద్ద పొర అవుతుంది. పొడి తువ్వాలు ముందు అద్దమనండి, ఆ తర్వాత ఒకే దిక్కులో లాగి తుడవమనండి. చివర్లో మీ షూ అంచు ఆ చోట గట్టిగా రాసి చూడండి. కీచుమంటే ఆడొచ్చు, చప్పుడు లేకుండా జారితే ఇంకోసారి తుడిపించండి.

ఓపెన్ కోర్టుల్లో ఇంకో చిక్కు ఉంది, చలికాలం రాత్రుళ్లు పడే మంచు. సాయంత్రం ఆరింటికి బాగున్న సిమెంటు కోర్టు ఎనిమిదిన్నరకల్లా పెయింట్ వేసిన చోటల్లా చెమ్మగిల్లుతుంది. ఇది ఒక మూల మరక లాంటిది కాదు, తుడిచినకొద్దీ మళ్లీ వస్తుంది. అప్పుడు అది చిన్న అంతరాయం కాదని ఒప్పుకోవాలి. అమెరికాలో 2012 నవంబర్ 9న యుద్ధనౌకల డెక్‌ల మీద కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లు పెట్టారు. చార్లెస్టన్‌లో యూఎస్‌ఎస్ యార్క్‌టౌన్ మీద ఒహాయో స్టేట్, మార్క్వెట్ జట్ల మ్యాచ్ డెక్ మీద చెమ్మ వల్ల అసలు మొదలే కాలేదు. ఫ్లోరిడాలో యూఎస్‌ఎస్ బటాన్ మీద ఫ్లోరిడా, జార్జ్‌టౌన్ మ్యాచ్‌ని హాఫ్‌టైమ్ దగ్గర ఆపేశారు, మళ్లీ ఆడలేదు. అంత ఏర్పాటు చేసి, అంతమందిని పిలిచి, టీవీలో వస్తున్న మ్యాచ్‌నే ఆపగలిగారు. నేవీ ఊళ్లో పెరిగినవాళ్లం, సముద్రపు చెమ్మ ఇనుము మీద ఏం చేస్తుందో, నేల మీద ఏం చేస్తుందో మనకి ఒకరు చెప్పాలా? నిర్వాహకులు "ఇంకో ఐదు నిమిషాలే కదండీ" అంటారు. ఆ ఐదు నిమిషాల్లోనే మోకాలి లిగమెంట్ తెగుతుంది. పిల్లల మ్యాచ్‌లో ఈ విషయంలో ఎవరి మాటా వినకండి.

షూ లేసుకి ఆట ఆపరు. బంతి డెడ్ అయ్యాక కట్టుకోనివ్వండి, కొన్ని సెకన్లు ఓపిక పట్టండి. ఒకే ఆటగాడు, అదీ ఎదుటి జట్టు ఊపులో ఉన్నప్పుడల్లా వంగి లేసు కట్టుకుంటుంటే, కెప్టెన్‌ని పిలిచి ఒక మాట చెప్పండి. సరిపోతుంది.

గాయాల విషయంలో ఒక అంకె గుర్తుంచుకోండి, సుమారు 15 సెకన్లు. ఆలోపు ఆటగాడు లేచి ఆడగలిగితే కొనసాగవచ్చు. లేవలేకపోతే, లేదా బెంచ్ నుంచి ఎవరైనా వచ్చి సాయం చేస్తే, అతన్ని మార్చాలి. ఇక్కడే మన దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పిల్ల కిందపడగానే కోచ్, మేనేజర్, ఒక్కోసారి వాళ్ల నాన్నగారు కూడా పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టి లేపుతారు. పిల్ల బాగానే ఉంటుంది, కానీ రూల్ ప్రకారం బయటికి వెళ్లాలి. అప్పుడు కోచ్ వాదనకి దిగుతారు. అందుకే నేను ముందు చెయ్యి చూపించి బెంచ్‌ని ఆపుతాను, పిల్ల దగ్గరికెళ్లి "ఏమ్మా, లేవగలవా?" అని అడుగుతాను, లేవలేనంటే అప్పుడే పిలుస్తాను. తలకి దెబ్బ తగిలిన అనుమానం ఉంటే ఇదేమీ పెట్టుకోకుండా వెంటనే పిలవాలి. డాక్టర్ ఉంటే, అత్యవసరమని ఆయనకి అనిపిస్తే మీ అనుమతి లేకుండానే లోపలికి రావచ్చు. రక్తం కనిపిస్తే తప్పనిసరిగా మార్చాలి. రక్తం ఆగి, గాయం పూర్తిగా కప్పాకే మళ్లీ లోపలికి. ఈ మధ్యలో ఏ జట్టైనా టైమౌట్ తీసుకుని, సబ్‌స్టిట్యూషన్‌కి టైమర్ సిగ్నల్ మోగేలోపు ఆటగాడు కోలుకుంటే అతను కొనసాగవచ్చు. కోచ్‌లకి ఈ అవకాశం గురించి తెలియదు, తెలిస్తే సగం గొడవలు ఉండవు. వాళ్లు అడిగితే చెప్పండి.

పక్క కోర్టు విజిల్ ఇంకో బాధ. అక్కడ మోగితే ఇక్కడ ఆటగాళ్లు ఆగిపోతారు. మామూలుగా "ఆడండి, ఆడండి!" అని గట్టిగా అరిస్తే చాలు. బంతి ఉన్నవాళ్లు నిజంగా నమ్మి ఆగిపోయి, ఎదుటివాళ్లు అది చూసి బంతి లాక్కుంటే మాత్రం నేను ఆపి మొదటివాళ్లకే ఇస్తాను. రెండు కోర్టుల్లో మ్యాచ్‌లు ఉన్నప్పుడు ఆట మొదలవకముందే రిఫరీలు మాట్లాడుకుని వేర్వేరు రకం విజిల్స్ వాడితే మంచిది. విజిల్ గురించి చెప్పాలంటే, లోపల గింజ ఉన్న పాత రకం వాడొద్దు. కెనడా రిఫరీ రాన్ ఫాక్స్‌క్రాఫ్ట్‌కి 1984లో బ్రెజిల్‌లో ఒక ముఖ్యమైన మ్యాచ్‌లో గింజ ఇరుక్కుని విజిల్ మోగలేదు. ఆ బాధతోనే ఆయన గింజ లేని ఫాక్స్ 40 విజిల్ తయారుచేయించారు, 1987లో అది బయటికొచ్చింది. మన తేమకి, ఉప్పుగాలికి అలాంటిదే నమ్మకం.

కరెంటు పోతే ఆలోచించడానికేం లేదు, వెంటనే విజిల్. చీకట్లో పరిగెత్తే పదిమంది ఒకరినొకరు గుద్దుకుంటారు. ఒక్క క్షణం మినుకుమని వచ్చేస్తే, ఆటగాళ్లు ఆగకపోతే మీరూ ఆపకండి. పాత మెటల్ హేలైడ్ ఫ్లడ్‌లైట్లు ఒకసారి ఆరితే చల్లారి మళ్లీ వెలగడానికి చాలా నిమిషాలు పడుతుంది. కరెంటు వచ్చింది కదా అని ఆటగాళ్లని కోర్టులో నిలబెట్టకండి, బెంచ్‌కి పంపి, ఆట మొదలయ్యేముందు ఒంటికి వేడి పుట్టేలా కాస్త కదలనివ్వండి. స్కోర్‌బోర్డు చాలాచోట్ల సున్నాకి వెళ్లిపోతుంది. అందుకే టైమర్ పక్కన చేతి స్టాప్‌వాచ్ ఉండాలి. స్కోరుకి స్కోర్‌షీటే ప్రమాణం.

కుక్కలు, పశువులు వస్తే ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. ఎన్‌బీఏలో 2009 అక్టోబర్ 31న శాన్ ఆంటోనియోలో మ్యాచ్ జరుగుతుండగా గబ్బిలం కోర్టులోకి దూరింది. స్పర్స్ ఆటగాడు మాను జినోబిలి దాన్ని చేత్తో కొట్టి కింద పడేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత ఆయన రేబిస్ టీకాలు వేయించుకోవాల్సి వచ్చింది. మన కోర్టుల్లోకి వీధి కుక్క వస్తే ఆటగాళ్లు సరదాగా తరమబోతారు, అది బెదిరి కరుస్తుంది. ఆట ఆపండి, ఆటగాళ్లని ఒకవైపు నిలబెట్టండి, గేటు తెరిపించండి. దారి కనిపిస్తే అదే వెళ్లిపోతుంది.

బంతి రింగ్‌కీ బోర్డుకీ మధ్య ఇరుక్కోవడం అంతరాయంలా కనిపిస్తుంది కానీ దానికి రూల్ ఉంది. అది జంప్ బాల్ సిట్యుయేషన్, బాణం గుర్తు చూసి బంతి ఇవ్వాలి. షాట్ కొట్టిన జట్టుకే వస్తే షాట్ క్లాక్ 14.

కావాలని చేసే ఆలస్యాలని మాత్రం అంతరాయాల లెక్కలో వేయకండి. బాస్కెట్ పడ్డాక బంతిని చేత్తో పక్కకు తోసేయడం, త్రో-ఇన్ వేసేవాడికి బంతి అందకుండా చేయడం ఆట ఆలస్యం కిందికి వస్తాయి. తెలియక చేసిన చిన్న తప్పుని హెచ్చరించి వదిలేయడానికి రూల్ ఒప్పుకుంటుంది. హెచ్చరించాక మళ్లీ చేస్తే టెక్నికల్, ఎదుటివాళ్లకి ఒక ఫ్రీ త్రో. మొదటి హెచ్చరిక కోచ్‌కి వినబడేలా చెప్పండి, లేకపోతే రెండోసారి ఊదినప్పుడు "మాకెప్పుడు చెప్పారు?" అంటారు.

వీటిలో సగానికి సగం ఆట మొదలవకముందే ఆపొచ్చు. లైన్ల చుట్టూ రెండు మీటర్ల మేర మనుషులు గానీ, బ్యాగులు గానీ, కుర్చీలు గానీ ఉండకూడదని రూల్‌లోనే ఉంది. మన ఓపెన్ కోర్టుల్లో బేస్‌లైన్ వెనక పిల్లలు బాసింపట్లు వేసుకుని కూర్చుంటారు, వాళ్ల ముందు వాటర్ బాటిళ్లు. మ్యాచ్‌కి ఇరవై నిమిషాల ముందే వెళ్లి చుట్టూ ఒకసారి నడవండి. రెండు కోర్టుల మధ్య ఒక వలంటీర్‌ని నిలబెట్టమని నిర్వాహకులని అడగండి, దొర్లే బంతుల్ని అతనే ఆపుతాడు. పొడి తువ్వాళ్లు ఎక్కడున్నాయో మీ కళ్లతో చూసుకోండి, "ఉన్నాయి సార్" అన్న మాట నమ్మకండి.

ఆపాల్సి వచ్చినప్పుడు ఇద్దరు కోచ్‌లకీ ఒకే మాట, ఒకే వాక్యంలో చెప్పండి. "కోచ్ గారూ, బయటి బంతి వచ్చింది, నీలం జట్టుకి ఇక్కడి నుంచి త్రో-ఇన్, షాట్ క్లాక్ 19." అంతే. ఎందుకు, ఏమిటి అని వివరణలు మొదలుపెడితే ప్రతి వాక్యానికీ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. తర్వాత టేబుల్ వైపు బొటనవేలు ఎత్తి, వాళ్లూ ఎత్తాకే బంతి చేతికివ్వండి.

ఇక ఆ ఫిర్యాదు గురించి టెన్షన్ పడకండి. ఫీబా రూల్స్‌లో ప్రొటెస్ట్ వేయడానికి కారణాలు పరిమితం. స్కోర్, టైమ్, షాట్ క్లాక్ నిర్వహణలో సరిదిద్దని పొరపాటు ఉండాలి. లేదా ఆట రద్దు, వాయిదా, ఫర్‌ఫీట్ (ఒక జట్టు ఓడినట్టు ప్రకటించడం), తిరిగి మొదలుపెట్టకపోవడం లాంటి నిర్ణయం అయి ఉండాలి. లేదా ఆటగాళ్ల అర్హత విషయం అయి ఉండాలి. వీటిలో ఏదైనా సరే దానివల్ల ఆ జట్టుకి నష్టం జరిగి ఉండాలి. ఆట నడుస్తుండగా విజిల్ ముందు ఊదారా, ఆలస్యంగా ఊదారా అన్న రిఫరీ నిర్ణయం వీటిలోకి రాదు. పైగా ఆట ముగిసిన 15 నిమిషాల్లోపు ఆ జట్టు కెప్టెన్ క్రూ చీఫ్‌కి చెప్పి, స్కోర్‌షీట్‌లో ప్రొటెస్ట్ గడిలో సంతకం పెట్టాలి. మీ మ్యాచ్‌లో అది జరగలేదని రాశారు. కాబట్టి కాగితం వచ్చినా నిలవదు. నిర్వాహకులు వివరణ అడిగితే మాత్రం జరిగింది జరిగినట్టు రాసివ్వండి: బంతి ఎక్కడ ఆగింది, విజిల్ ఎప్పుడు మోగింది, షాట్ ఎప్పుడు వెళ్లింది, త్రో-ఇన్ ఎక్కడి నుంచి ఇచ్చారు. ఆ కోచ్ గారు ఈసారి ఎదురుపడితే మీరే ముందుగా పలకరించి, "ఆ విజిల్ ఇంకో రెండు సెకన్లు ఆగి ఊదాల్సింది కోచ్ గారూ, బాస్కెట్ మాత్రం రూల్ ప్రకారం చెల్లదు" అని రెండు మాటలూ చెప్పండి. రెండూ నిజమే.